ఎరుక ఎవరిది, నేరం ఎవరిది? తెలుగు నేరకథా చిత్రాల్లో ఎరుకల సమాజం

గౌలిగూడలో అద్దెగది కోసం నాతో కలిసి తిరిగిన మిత్రుడొకడు, ఇంటి యజమానులు 'మీదే ఊరు?' అని అడిగినప్పుడల్లా 'బాపట్ల' అనేవాడు. అతని ఊరు స్టువర్టుపురం. అంతకుముందు నిజం చెప్పిన రెండు చోట్లా గది దొరకలేదట. కృష్ణా తీరం దాటి ఎన్నడూ వెళ్ళని హైదరాబాదు గృహస్థుకు ఆ చిన్న ఊరి పేరు ఎలా తెలిసిందని అడిగాను. 'సినిమాల్లో చూశారు' అన్నాడు. ఈ వ్యాసం ఆ సమాధానం నుంచే మొదలవుతున్నది.

తెలుగు నేరకథా చిత్రం ఎరుకల సమాజాన్ని ఒక జీవన సంస్కృతిగా ఎన్నడూ చూడలేదనీ, 1871 నాటి నేరస్థ జాతుల చట్టం చూసిన చూపుతోనే ఇప్పటికీ చూస్తున్నదనీ, ఆ చూపును ప్రశ్నించవలసిన తెలుగు సాహిత్య పరిశోధన మౌనంగా ఉండి దానికి సహకరించిందనీ నా వాదం.

ముందుగా చరిత్ర. ఎరుకలవారు తీరప్రాంతపు ఉప్పును పశువులపై వేసుకొని లోతట్టు ప్రాంతాలకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని తెచ్చి జీవించిన సంచార వర్తకులు. బుట్టలల్లడం, ఎరుక చెప్పడం వారి ఇతర వృత్తులు. వలస ప్రభుత్వపు ఉప్పు విధానం, రైలు మార్గాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టుకొని తిరుగుతున్నవారిని అదే ప్రభుత్వం అనుమానితులుగా ప్రకటించింది. 1911 చట్టంతో ఈ విధానం మద్రాసు రాజధానికి విస్తరించింది. తరువాత కొద్ది సంవత్సరాలకే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరే దానికి పెట్టారు. అక్కడివారి శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికి ఎలా ఉపయోగపడిందో మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో సవివరంగా నిరూపించారు. సంస్కరణ పేరుతో జరిగినదానిలో కూలీల సరఫరా ఎంత ఉన్నదో ఆ గ్రంథం చదివినవారికి తెలుస్తుంది.

ఆ చట్టపు తర్కాన్ని గమనించాలి. ఒక తెగ నేరాలకు అలవాటుపడిందని నమ్మడానికి ప్రభుత్వానికి 'కారణం' కనిపిస్తే చాలు, ఆ తెగ మొత్తాన్ని నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. వ్యక్తి చేసిన పనికి రుజువు అక్కరలేదు. ప్రచారమే సాక్ష్యం. 1952లో దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయింది. నేడు ఎరుకలవారు ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ షెడ్యూల్డు తెగ.

చట్టం పోయినా దాని తర్కం వెండితెరపై నిలిచింది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి కథానాయకుడుగా 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. అదే సంవత్సరం 'స్టువర్టుపురం దొంగలు' వచ్చింది. ఈ రెండు శీర్షికలను పక్కపక్కన పెట్టి చదివితే చాలు. ఒక ఊరి పేరుకు తెలుగు ప్రేక్షకుడి ఊహలో మిగిలిన అర్థాలు రెండే: దొంగ, పోలీసు. ఆ ఊళ్ళో బడి ఉంటుందని, పొలం ఉంటుందని, హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చే కుర్రవాడు ఉంటాడని ఆ శీర్షికలు ఊహించనివ్వవు.

ముప్పైరెండేళ్ళ తరువాత, 2023లో, 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దాని ప్రచార చిత్రం ఎరుకల సమాజాన్ని, స్టువర్టుపురం ప్రజలను కించపరుస్తున్నదంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. నిజమైన వదంతుల నుంచి స్ఫూర్తి పొందినట్టు ఆ చిత్రం తనను తాను పరిచయం చేసుకున్నది. దీన్ని చమత్కారంగా భావించి నవ్వి వదిలేయవచ్చు. వదంతినే ఆధారంగా చేసుకొని ఒక జాతికి శిక్ష వేసిన చట్టాన్ని చదివినవారికి మాత్రం నవ్వు రాదు.

ఇక్కడ మూడు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది: నాగేశ్వరరావు నిజంగా ఉన్న దొంగ, చరిత్రను చూపితే తప్పేమిటి? తప్పు లేదు. అయితే దొంగతనం చేసిన ఏ అగ్రకులస్థుడి కథ తీసినా అతని అగ్రహారం పేరు నేరానికి పర్యాయపదం కాలేదు. వ్యక్తి నేరం ఒకచోట వ్యక్తిదిగానూ మరొకచోట జాతిదిగానూ ఎందుకు మారుతున్నదన్నదే ప్రశ్న. రెండవది: ఆ చిత్రాలు దొంగను వీరుడుగా చూపాయి కదా? వీరత్వం ఆ ఒక్కడికే దక్కింది. చుట్టూ ఉన్న ఊరు అతడు దాటి రావలసిన చీకటిగానే మిగిలింది. మూడవది: ఇది వినోదం, సామాజిక శాస్త్రం కాదు. అద్దెకు గది ఇవ్వని యజమాని సామాజిక శాస్త్రం చదివి నిర్ణయం తీసుకోలేదు.

ఇతర దేశపు ఉదాహరణ ఒకటి మన లోటును స్పష్టం చేస్తుంది. అమెరికాలో టోనీ హిల్లర్‌మన్ నవాహో ప్రాంతం నేపథ్యంగా అపరాధ పరిశోధక నవలలు రాశాడు. అతడు నవాహో కాడు. అయినా అతని పరిశోధకులు లీఫోర్న్, చీ ఇద్దరూ నవాహో పోలీసులే. 1991లోనే, అంటే మన రెండు చిత్రాలు వచ్చిన ఏడాదే, ఎరోల్ మోరిస్ ఆ నవలల్లో ఒకదానిని 'ది డార్క్ విండ్'గా తీశాడు. అందులో లీఫోర్న్ పాత్రను వేసింది శ్వేతజాతి నటుడు. 2002లో 'స్కిన్‌వాకర్స్'కు షయాన్, అరాపహో తెగలకు చెందిన క్రిస్ ఐర్ దర్శకత్వం వహించగా, చెరోకీ నటుడు వెస్ స్టూడీ లీఫోర్న్ అయ్యాడు. నవాహోలు బయట మాట్లాడటానికి ఇష్టపడని ఒక నమ్మకాన్ని ఆ చిత్రం పేరుగా పెట్టుకోవడం ఆలోచించవలసిన విషయమే. 2022 నాటి 'డార్క్ విండ్స్' ధారావాహికలో నవాహో భాష ఉచ్చారణ సరిగా లేదని ఆ జాతి ప్రేక్షకులే విమర్శించారు. వివాదం ముగియలేదు. కాని అది ఎక్కడికి చేరిందో చూడండి: ఎవరు నటించాలి, ఎవరు దర్శకత్వం వహించాలి, భాషను ఎలా పలకాలి అన్నంతవరకు వచ్చింది. మనం ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ మొదలు నేటి తెర వరకు నాకు తెలిసిన తెలుగు అపరాధ పరిశోధకుల్లో ఎరుకలవాడు ఒక్కడూ లేడు. తమలో తాము కుర్రు అని పిలుచుకునే, తమిళానికి దగ్గరగా ఉండే వారి భాష తెలుగు తెరపై నేను వినలేదు.

ఇందులో ఒక విపరీతం ఉంది. ఎరుక అంటే జ్ఞానం. ఎరుక చెప్పే వృత్తి వల్లనే ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెప్పే వివరణ. అపరాధ పరిశోధన కథ ఆసాంతం తెలుసుకోవడం గురించిన కథ. పేరులోనే తెలివిడి ఉన్న సమాజానికి ఆ కథలో దక్కిన స్థానం అనుమానితుడిది మాత్రమే.

దీనికి సినిమావాళ్ళను మాత్రమే నిందించి తెలుగు శాఖలు చేతులు దులుపుకోలేవు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు అంతఃపురానికి వెళ్ళిన కథను మనం ముచ్చటగా బోధిస్తాం. ఆ కథలో ఎరుక నిజమవుతుంది, కాని ఆ ఎరుక ఆమెది కాదు, ఆమె చీర కట్టుకున్న దేవుడిది. కొరవంజిలోని సింగి, సింగడు యక్షగాన పరిణామ చర్చలో మనకు ప్రక్రియా ఆధారాలు. ఆ పాత్రల వెనుక ఉన్న మనుషులు ఏ భాష మాట్లాడారు, ఆ ప్రదర్శనను చూసి ఏమనుకున్నారు అన్న ప్రశ్న ఎక్కడ వేశాం? నా పరిశోధన ప్రణాళిక తొలి ప్రతిలో నేనూ ఎరుకలసానిని 'హాస్యపాత్రలు' అన్న శీర్షిక కిందనే చేర్చాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సుల్తాన్ బజారులో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చొని ఆ వర్గీకరణకు ఆధారాలు వెతుకుతున్నప్పుడు, నేను చదివినవన్నీ బయటివారు రాసినవేనని గ్రహించాను. ఆ శీర్షికను తొలగించాను.

ఇతరులు ఏమీ చేయలేదని కాదు. జాషువా కుమార్తె హేమలతా లవణం 1970ల నుంచి స్టువర్టుపురంలో పనిచేశారు. ఆ కృషి సంఘసేవగా గౌరవం పొందింది గాని మన పరిశోధనకు ప్రశ్నగా మారలేదు.

కనుక నా ప్రతిపాదనలు మూడు. కొరవంజిని బోధించే ప్రతి పాఠ్యప్రణాళికలోనూ నేరస్థ జాతుల చట్టపు చరిత్ర ఉండాలి. కుర్రు భాషలోని కథలను, పాటలను ఆ సమాజపు పరిశోధకుల నాయకత్వంలో సేకరించాలి. సినిమాను సాహిత్యేతరమని పక్కనపెట్టే అలవాటు మానాలి, ఎందుకంటే మన విద్యార్థుల్లో అధికులకు ఎరుకలవారిని పరిచయం చేసిన 'గ్రంథం' అదే.

నా మిత్రుడికి చివరకు గది దొరికింది. ఆధారపత్రంలో ఊరు ఉంటుంది కనుక అసలు పత్రం చూపించవలసి వచ్చినప్పుడు ఏమవుతుందోనని అతను నెలరోజులు భయపడ్డాడు. యజమాని అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో మనందరికీ తెలుసు.