ప్లంబర్ వచ్చేలోపు...

ఆదివారం పొద్దున. ఒకపక్క టిఫిన్ల హడావుడి. బాత్రూమ్‌లో కుళాయి కారుతోందని అబ్బాయిగారు కాస్త గట్టిగా తిప్పారు. అంతే, అది ఊడి చేతిలోకి వచ్చేసింది. గోడలోంచి నీళ్లు బుస్సున ఎగజిమ్ముతున్నాయి. అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. నానమ్మ పాత చీర పట్టుకొచ్చింది. నాన్న ఫోన్ అందుకున్నారు. 'గంటలో వచ్చేస్తా సార్' అన్నాడు ప్లంబర్. ఆ గంట ఎంతసేపుంటుందో సొంతిల్లున్నవాళ్లకీ అద్దెకుండేవాళ్లకీ కూడా తెలిసిందే!

ఈలోపు ఓ చిన్న లెక్క. 20 లీటర్ల బకెట్ నిమిషంలో నిండేంత ధార పోతోందనుకుంటే, డాబా మీది 1000 లీటర్ల ట్యాంకు 50 నిమిషాల్లో ఖాళీ. 1000 చదరపు అడుగుల ఇంట్లో ఆ నీళ్లన్నీ పరుచుకుంటే ఎత్తు సుమారు సెంటీమీటరే. 'ఓస్, ఇంతేనా' అనుకోవద్దు. ప్లైవుడ్ అల్మారాల అడుగు ఉబ్బిపోవడానికీ, నేలమీది ఎక్స్‌టెన్షన్ బాక్సు తడవడానికీ, మంచం కింద అట్టపెట్టెలో దాచిన పెళ్లి ఫొటోలు పాడవడానికీ అది చాలు. అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాట్ సీలింగూ, వాళ్లతో మాటలూ అదనం.

కాబట్టి ముందు నీళ్లు ఆపాలి. ఫోన్ ఆ తర్వాత.

ఎక్కడ ఆపాలి? చాలామంది కంగారులో వీధి నల్లా కట్టేయడానికి పరిగెడతారు. దానివల్ల ఉపయోగం ఉండదు. మన ఇళ్లలో కుళాయిలకు నీళ్లు వచ్చేది పైన ఉన్న ట్యాంకు నుంచి. వాష్‌బేసిన్, సింకు, ఫ్లష్ ట్యాంకు, గీజర్ దగ్గరైతే గోడకు చిన్న యాంగిల్ కాక్ ఉంటుంది. దాన్ని కుడివైపు తిప్పితే అక్కడికక్కడే ఆగిపోతుంది, మిగతా ఇంటికి ఇబ్బంది ఉండదు. గోడ కుళాయికి అది ఉండదు. బాత్రూమ్ మొత్తానికి గోడలో వేరే వాల్వ్ ఉందేమో చూడాలి. లేకపోతే డాబా ఎక్కి ట్యాంకు కిందున్న వాల్వ్ కట్టేయాల్సిందే. చక్రంలా ఉండేది గేట్‌వాల్వ్, కుడివైపు చాలా చుట్లు తిప్పాలి. పొడుగు పిడి ఉంటే బాల్‌వాల్వ్, పావు చుట్టు చాలు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

అసలు చిక్కు ఇక్కడే. ఏళ్ల తరబడి ముట్టుకోని గేట్‌వాల్వ్ బిగుసుకుపోతుంది. రెంచితో బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీ విరిగి, ఒక ఇబ్బంది కాస్తా రెండవుతుంది. కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి... ఓపిగ్గా కదుపుతుంటే వస్తుంది. ససేమిరా అంటే ట్యాంకు మూత తీసి, అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రానికి మందపాటి గుడ్డను పెద్ద ఉండలా చేసి అడ్డం పెట్టొచ్చు. చిన్న గుడ్డ వద్దు, పైపులోకి లాక్కుపోతుంది. ట్యాంకులోకి పిల్లల్ని మాత్రం దించకూడదు.

ఇంకో సంగతి. నీటిమట్టం తగ్గగానే దానంతటదే ఆన్ అయ్యే మోటార్ ఉందా? ముందు దాన్ని ఆపాలి. లేకపోతే మీరు కింద తోడుతుంటే అది పైన నింపుతూనే ఉంటుంది. గీజర్ కూడా కట్టేయాలి. నీళ్లు గదుల్లోకి, స్విచ్‌బోర్డుల వైపు వచ్చేస్తే మెయిన్ ఆపేయడమే క్షేమం. అదీ పొడి నేలమీద నిలబడి, పొడి చేతులతో. మెయిన్ ఉన్నచోటే నీళ్లు నిలిస్తే అటు వెళ్లొద్దు.

నీళ్లు ఆగాక తాత్కాలిక మరమ్మతు సంగతి చూడొచ్చు. కుళాయి ఊడిన చోట బిగించే అర అంగుళం ప్లగ్గు, ఓ టెఫ్లాన్ టేపు చుట్ట హార్డ్‌వేర్ దుకాణంలో కొద్ది డబ్బులకే దొరుకుతాయి. మరలకు టేపు చుట్టి ప్లగ్గు బిగిస్తే మిగతా ఇంటికి నీళ్లు వదిలేయొచ్చు. పైపు చీలితే పాత సైకిల్ ట్యూబును మించింది లేదు! రెండంగుళాల వెడల్పున పొడవుగా కత్తిరించి, లాగి పట్టుకుని, చీలికకు అటూ ఇటూ నాలుగంగుళాలు కలిసేలా ఒకదానిమీద ఒకటి చుట్టి, పైన నవారు తాడుతో బిగించాలి. ఎం-సీల్ లాంటివి నీళ్లు కారుతున్నప్పుడు రుద్దితే పట్టవు. కింది కుళాయి తిప్పి పైపు ఖాళీ చేసి, పొడిగా తుడిచాకే పెట్టాలి. పూర్తిగా గట్టిపడేదాకా నీళ్లు వదలకూడదు.

వచ్చే నీళ్లు కాకుండా పోయే నీళ్లు ఎదురుతిరిగితే? అప్పుడు వాల్వ్‌తో మాత్రమే పని జరగదు. కమోడ్ నిండి పొర్లబోతుంటే మళ్లీ ఫ్లష్ నొక్కొద్దు. ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాక్ కట్టేయండి. గ్రౌండ్‌ఫ్లోర్ బాత్రూమ్ జాలీలోంచి మురుగు పైకి తన్నుతోందంటే, పై అంతస్తులవాళ్లు వాడే నీళ్లే కింద తేలుతున్నాయన్నమాట. వెంటనే పైవాళ్లకు చెప్పి వాడకం ఆపించాలి. అడ్డు తొలగుతుందని యాసిడ్ గుమ్మరించడం చాలా ఇళ్లలో అలవాటు. అంతకుముందే బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది, ఇరుకు బాత్రూమ్‌లో ఊపిరాడదు. యాసిడ్ పోసేసి ఉంటే ఆ సంగతి ప్లంబర్‌కు ముందే చెప్పాలి, చేతులు పెట్టేది అతనే కదా! సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించే ఆలోచన అసలే వద్దు. లోపలి విషవాయువులు ప్రాణం తీస్తాయి. రక్షణ సాధనాలు లేకుండా అలా దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. హైదరాబాద్‌లో రోడ్డు మీది పైపు పగిలినా, మ్యాన్‌హోల్ పొంగినా జలమండలి నంబరు 155313.

ప్లంబర్‌తో 'నీళ్లు కారుతున్నాయి, త్వరగా రా బాబూ' అంటే అతనికేం తెలుస్తుంది? పైపు ఇనుపదా, తెల్ల పీవీసీనా, లేత పసుపు సీపీవీసీనా, పగిలింది పైపా, జాయింటా చెప్పండి. ఓ ఫొటో తీసి పంపితే ఇంకా మంచిది. సామాన్లు వెంట తెచ్చుకుంటాడు. లేకపోతే వచ్చి చూసి, దుకాణానికి వెళ్లి, మళ్లీ వచ్చేసరికి మరో గంట. అన్నట్టు ఆదివారం చాలాచోట్ల ఆ దుకాణాలు తెరవరు కూడా.

ఈ పరుగుల్లో సగం తప్పించుకోవాలంటే ఇవాళే ఓ పావుగంట కేటాయించండి. ఏ వాల్వ్ ఏ బాత్రూమ్‌దో తిప్పి చూసి, పెయింట్‌తో దానిమీదే రాసేయండి. రెండు మూడు నెలలకోసారి అటూ ఇటూ తిప్పుతుంటే బిగుసుకుపోవు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నానమ్మో, బడి నుంచి ముందే వచ్చే పాపో అయితే చూపించాల్సింది వాళ్లకు. అపార్ట్‌మెంట్లలో ఈ గుట్టంతా వాచ్‌మన్‌కే తెలుసు. డాబా తాళమూ అతని దగ్గరే. పైపేమో అతను సంక్రాంతికి ఊరెళ్లిన రోజే పగులుతుంది!

మరమ్మతయ్యాక జాయింట్ ఆరడానికి ఎంతసేపు పడుతుందో ప్లంబర్‌నే అడగండి. తర్వాత ముందుగా ఓ కుళాయి తెరిచి ఉంచి, ట్యాంకు వాల్వ్‌ను మెల్లగా వదలండి. మొదట గాలి, తర్వాత కాస్త మడ్డి నీళ్లు వస్తాయి. వాటిని మొక్కలకు పోయొచ్చు. వేడినీళ్ల కుళాయిలోంచి ధార ఆగకుండా వచ్చాకే గీజర్ స్విచ్ వేయండి.