పసుపు జెర్సీని ఏం చేయాలి?

మొన్న ఇల్లు సర్దుతూ అమ్మ బీరువా కింది అరలోంచి ఒక పసుపు జెర్సీ బయటికి తీసింది. "ఇది ఇంకా వేస్కుంటవా, బండి తుడవనీకి పెట్టాల్నా?" అని అడిగింది. నేనేం మాట్లాడకుండా లాక్కుని, మడతపెట్టి మళ్ళీ అదే అరలో పెట్టేశాను.

ఆ జెర్సీ మీద ఉన్న పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆ పేరుతో ఇప్పుడు ఐఎస్ఎల్‌లో టీమ్ లేదు. 2025 అక్టోబరులో మన క్లబ్ ఢిల్లీకి తరలిపోయి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అయిపోయింది.

ఫుట్‌బాల్ ఫాలో అవ్వని ఫ్రెండ్స్‌కి ఈ బాధ చెప్పడం కష్టం. సన్‌రైజర్స్ చెత్తగా ఆడితే తిట్టుకుంటాం, మీమ్స్ వేసుకుంటాం. కానీ మళ్ళీ ఏప్రిల్ వస్తే ఉప్పల్‌లో వాళ్ళు ఉంటారు, మనం ఉంటాం. మరి తిట్టుకోవడానికి కూడా టీమ్ లేకపోతే? ఆ ఫీలింగే వేరు బాస్.

మొదటి నుంచి చెప్తాను. 2019లో పుణె క్లబ్ మూతపడితే ఆ స్థానంలో మన క్లబ్ పుట్టింది. అదే నవంబరులో గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద. 2-1తో గెలిచాం. ఇక మనల్ని ఆపేదెవరు అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆ సీజన్ మనం లాస్ట్. మొత్తం పద్దెనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు.

తర్వాత మానొలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కుర్రాళ్ళను నమ్మాడు. ముందు ఎగబాకి ఐదో స్థానం, మరుసటి ఏడాది ఏకంగా కప్పు. 2022 మార్చి 20, గోవాలో ఫైనల్. మళ్ళీ కేరళే. వాళ్ళు ముందు గోల్ కొట్టారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి ఒకటి బాదాడు, 1-1. పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా హాస్టల్ రూమ్‌లో ఫుట్‌బాల్ చూసేవాడిని నేనొక్కడినే. అరిచిన అరుపుకి వార్డెన్ పైకొచ్చాడు.

ఒక్క విషయం గమనించండి. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే మనం చాంపియన్లైన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఊరు టీమ్‌తో ప్రేమలో పడాల్సిన టైమ్‌లో టీమ్ ఊళ్ళో లేదు. చాలామందికి కప్పు గెలిచిన సంగతే తెలీదు. ఇప్పటికీ ఎవరికైనా చెప్తే "నిజంగానా? మనకి ఫుట్‌బాల్ టీమ్ ఉందా?" అంటారు. ఉండేది అన్నా, ఉండేది.

2022-23లో మళ్ళీ రెండో స్థానం. ఆ తర్వాత లిఫ్ట్ తెగినట్టు పడిపోయాం. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ సర్దుకుని వెళ్ళిపోవడం. 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు.

ఆ సీజన్‌లో ఆడిన కుర్రాళ్ళను మాత్రం నేను ఒక్క మాట అనను. థాంగ్‌బోయి సింగ్టో అనే కోచ్ ఉన్నవాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. అవతల లక్షలు పోసి తెచ్చిన స్ట్రైకర్లు, ఇవతల నిన్నమొన్నటి దాకా రిజర్వ్ టీమ్‌లో ఉన్న పిల్లలు. అయినా పరిగెత్తారు. మార్చిలో చెన్నైకి వెళ్ళి 1-0తో గెలిచొచ్చారు. నా లెక్కలో కప్పు తర్వాత అదే గొప్ప గెలుపు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ గెలుపు నేను లైవ్ చూడలేదు. మర్నాడు హైలైట్స్‌లో చూశాను. ఆ సీజన్‌లో స్టేడియానికి వెళ్ళింది రెండే సార్లు. సాయంత్రం ఏడున్నరకి మ్యాచ్, రాయదుర్గంలో మెట్రో దిగి ఆటో పట్టుకుని ఆ ట్రాఫిక్‌లో పోవడం, మూడు గోల్స్ తిని రావడం... ఎందుకులే అనుకున్నా. నాలాంటి వాళ్ళు ఎంతమందో. మేం 'ఎందుకులే' అనుకున్న ప్రతి సాయంత్రం ఖాళీ కుర్చీలు పెరిగాయి. ఖాళీ కుర్చీలను చూసి ఏ ఓనరు ఊళ్ళో ఉంటాడు?

2024లో కొత్త యాజమాన్యం వచ్చింది. పదమూడు టీముల్లో పన్నెండో స్థానం. 2025 మార్చిలో గచ్చిబౌలిలో ఆఖరి లీగ్ మ్యాచ్. అవతల ఎవరో చెప్పనక్కర్లేదు, కేరళే. స్కోరు 1-1. ఎప్పట్లాగే మలయాళీ ఫ్యాన్స్ గొంతే ఎక్కువ వినిపించింది. మన ఊళ్ళో మనమే గెస్టులం. "నెక్స్ట్ సీజన్ చూసుకుందాం" అనుకుంటూ బయటికొచ్చాం. అదే చివరిదని మాకు తెలీదు. తెలిస్తే కాసేపు కూర్చునేవాళ్ళం.

నాకు కోపం ఢిల్లీ మీద కాదు. మన సిస్టమ్‌లో క్లబ్ అంటే ఊరిది కాదు, ఓనరుది. ఆయన దుకాణం మార్చినట్టు ఊరు మార్చొచ్చు. పైగా మా టీమ్ ఆడిన ఆరేళ్ళూ ఐఎస్ఎల్‌లో లాస్ట్ వచ్చినా కింది లీగ్‌కి పడే భయం లేదు. ఓటమికి శిక్ష లేదు, అభిమానానికి హక్కు లేదు.

ఇది ఫుట్‌బాల్ తెలీని ఊరు కూడా కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తిన టీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ టీమ్ కోచ్ ఎస్.ఎ. రహీమ్ మన ఊరివాడే. ఆయన కోచింగ్‌లో ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్ కొట్టింది. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ కుర్రాడు. అలాంటి ఊళ్ళో, కప్పు గెలిచిన టీమ్‌లో మన గల్లీల నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఆ లింకు లేకే జనం రాలేదన్నది నా గట్టి అభిప్రాయం. తెలిసిన పిల్లాడు ఆడుతుంటే బస్తీ మొత్తం కదిలి వస్తుంది.

లండన్‌లో వింబుల్డన్ అనే క్లబ్‌ని ఇలాగే వేరే ఊరికి తరలించడానికి 2002లో పర్మిషన్ ఇచ్చారు. ఫ్యాన్స్ ఏడుస్తూ కూర్చోలేదు. అదే ఏడాది సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని క్లబ్ పెట్టారు. మైదానంలో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళను ఎంచుకున్నారు. తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి, 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. మనం అంత చేస్తామా అంటే చెప్పలేను. కనీసం మ్యాచ్‌కి వెళ్ళడం మన చేతిలో ఉంది కదా.

మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు. మొన్న వాడు అడిగాడు, "మామా, ఇప్పుడు మనం ఢిల్లీ సైడా?" అని. లేదురా అన్నాను. "మరి ఎవరి సైడ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఐ-లీగ్‌లో రెండు సీజన్లు వరసగా రన్నరప్‌గా నిలిచిన శ్రీనిధి దక్కన్ మన ఊళ్ళోనే, అజీజ్‌నగర్‌లో ఉంది. ఇన్నేళ్ళలో నేను ఒక్క మ్యాచ్‌కీ పోలేదు. మా ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున లోకల్ కుర్రాళ్ళ మ్యాచ్‌లు జరుగుతాయి. పక్కనుంచి బండి మీద వెళ్తూ ఎన్నిసార్లు చూశానో, ఆగింది మాత్రం లేదు.

ఈ ఆదివారం వాణ్ణి తీసుకుని వెళ్తున్నా. జెర్సీ కూడా ఉతికి ఆరేశాను. అమ్మా, బండికి వేరే గుడ్డ చూడు.