ఒకే మందు - రెండు తీర్పులు

ఇంట్లో పిల్లవానికి ఆటలమ్మ పోస్తే మన పెద్దలు గుమ్మానికి వేపమండలు కట్టి, ఆ బిడ్డను ఎంతో మన్ననతో చూసుకునేవారు. పెద్దవారికి నడుముచుట్టూ అక్కి లేస్తే కుమ్మరివద్దకు వెళ్లి ఎర్రమట్టితో అక్కి రాయించుకునేవారు. ఈ రెంటికీ మూలం ఒకే వైరస్. అది దాచుకోవలసిన జబ్బని ఎవరూ తలచలేదు.

ఆ వైరస్‌కు దగ్గరి బంధువే జననాంగ హెర్పిస్ కలిగించే వైరస్. రెండూ నాడీకణాలలో జీవితాంతం దాగి ఉండేవే. రెంటికీ పనిచేసే మందు ఎసైక్లోవిర్. దాని పనితీరు రసాయన శాస్త్రజ్ఞుడనైన నన్ను నేటికీ అబ్బురపరుస్తుంది. వైరస్ తయారుచేసే ఎంజైము ఉన్న కణంలోనే అది చైతన్యం పొంది, వైరస్ డి.ఎన్.ఏ. గొలుసును పెరగనీయకుండా ఆపివేస్తుంది. ఆరోగ్యవంతమైన కణాల జోలికి దాదాపు పోదు. ఈ మందు వెనుకనున్న పరిశోధనకు సారథ్యం వహించిన గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

అణువుకున్న ఈ విచక్షణ మనుషులకు లేకపోయింది. 1982లో టైమ్ పత్రిక తన ముఖచిత్రంమీదనే హెర్పిస్‌ను కళంకముద్రగా చిత్రించింది. పొక్కులు కొద్దివారాలలో మానిపోతాయి. ఆ ముద్ర మానదు. వ్యాధి సోకిందని తెలిసినవారిలో ఎందరినో నొప్పికన్న ఎక్కువగా కుంగదీసేది తాము మలినమైపోయామన్న భావన. నిద్ర కరవవుతుంది, దిగులు ఆవరిస్తుంది, వివాహానికి తాము తగమనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15-49 ఏళ్లవారిలో సుమారు 52 కోట్లమందికి జననాంగ హెర్పిస్‌కు ప్రధాన కారణమైన వైరస్ ఉంది. వారిలో అధికసంఖ్యాకులకు ఆ సంగతే తెలియదు.

పరాయిదేశంలో మన తెలుగు సమాజం చిన్నది. వైద్యునివద్దకు వెళ్తే నలుగురికీ తెలుస్తుందేమోనని, సంబంధం తప్పిపోతుందేమోనని భయం.

సిగ్గే మనిషిని అదుపులో ఉంచుతుందని కొందరు పెద్దలు వాదించవచ్చు. నా అభిప్రాయంలో సిగ్గు వైరస్‌ను ఆపదు, మాటను మాత్రమే ఆపుతుంది. చెప్పుకోలేనివారు చికిత్సకు వెళ్లరు. జీవిత భాగస్వామికి జాగ్రత్తపడే అవకాశమూ ఇవ్వరు. చెప్పుకోగలిగినవారు ప్రతిదినం మందు వాడి, కండోమ్ ఉపయోగించి, పొక్కులున్నప్పుడు దూరంగా ఉండి, సోకే ప్రమాదాన్ని బాగా తగ్గించగలరు. పూర్తిగా తొలగించలేకపోయినా, కాపురాన్ని నిశ్చింతగా సాగించగలరు.

మన బిడ్డ ఒకనాడు ఇటువంటి మాట చెప్పడానికి గదిలోకి వచ్చి తటపటాయించవచ్చు. ఆనాడు మనం మొదట అడగవలసింది "ఎలా వచ్చింది?" అని కాదు, "నొప్పిగా ఉందా?" అని. ఆటలమ్మ పోసినప్పుడు అడిగింది అదే కదా!