ఆఫీసు గాలికీ తనిఖీ కావాలి

అగ్నిప్రమాదాల నివారణ ఏర్పాట్లకు ధ్రువపత్రం ఉంది. వందలమంది రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు పీల్చే గాలి సంగతి అడిగే నాథుడే లేడు. మాదాపూర్ అద్దాల మేడల్లోనైనా, జిల్లా కేంద్రంలోని ఏసీ కార్యాలయంలోనైనా తలనొప్పి, కళ్లమంట, మగత అని ఉద్యోగి మొరపెట్టుకుంటే పని ఒత్తిడి అని కొట్టిపారేస్తారు. ముక్కిన వాసన వేస్తే రూమ్ ఫ్రెషనర్ కొట్టి ఊరుకుంటారు. ఈ ధోరణి ఇక చెల్లదు. పనిచేసే చోట గాలిపై దర్యాప్తు కోరడం ఉద్యోగి హక్కు కావాలి.

ఇది ఊహించుకున్న జబ్బు కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇంధనం ఆదా కోసం అమెరికాలో భవనాల్లోకి వచ్చే బయటి గాలికి కోత పెట్టారు. దాని ఫలితాలు ఉద్యోగుల ఒంటిమీద తేలాయి. ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రధాన కార్యాలయంలోనే 1980ల చివర్లో కొత్త కార్పెట్లు పరిచాక సిబ్బంది అస్వస్థులయ్యారు. అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ వందలాది భవనాలను పరిశీలిస్తే, సగానికి పైగా చోట్ల గాలి మార్పిడి చాలకపోవడమే ప్రధాన లోపంగా తేలింది.

మన దగ్గర ఈ లోపం మరీ ఎక్కువగా ఉండే ప్రమాదముంది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. కిటికీలు బిగించి పాతికమందిని కూర్చోబెడితే వాళ్లు వదిలిన గాలినే వాళ్లు మళ్లీ పీలుస్తారు. ప్లైవుడ్, కొత్త రంగుల నుంచి వెలువడే ఆవిర్లు, ఫాల్స్ సీలింగ్ మీద బూజు, జనరేటర్ పొగ దీనికి తోడు.

కారణం పట్టుకోవాలంటే ముందు మనుషుల్ని అడగాలి. బాధ ఏ అంతస్తులో, ఏ వేళ మొదలవుతోంది? ఆదివారం ఇంట్లో ఉంటే తగ్గుతోందా? తర్వాత ఫిల్టర్లు, డక్టులు, నీరు నిలిచే ట్రేలు చూడాలి. కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం దాటిందంటే తాజా గాలి చాలడం లేదన్న హెచ్చరికే. ఆ పరీక్షైనా హాలు నిండా జనం ఉన్నప్పుడు జరగాలి. ఖాళీ హాల్లో ఓ పూట మీటరు పెట్టి అంతా బాగుందని రాసిచ్చే కాగితాన్ని దర్యాప్తు అనలేం.

1981 నాటి వాయు కాలుష్య చట్టం చూపంతా బయటి గాలి మీదే. వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్, 2020లో గాలి, వెలుతురు ప్రస్తావన ఉంది. కానీ ఎవరు కొలవాలి, ఎప్పుడు కొలవాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నది తేల్చకపోతే ఆ మాట కాగితం దాటదు. అమెరికా నిబంధనల ప్రకారం ముగ్గురు ఉద్యోగులు సంతకం చేస్తే నియోష్‌ను దర్యాప్తు కోరవచ్చు, వారు కోరుకుంటే పేర్లు యాజమాన్యానికి తెలియనివ్వరు. అలాంటి ఏర్పాటు మనకెందుకు ఉండకూడదు?

బయటి వేడిగాలిని లోపలికి తెస్తే కరెంటు బిల్లు పెరుగుతుందని యాజమాన్యాలు అంటాయి. నిజమే, కొంత పెరుగుతుంది. జీతాలకు పెట్టే ఖర్చు ముందు అది స్వల్పం. మగతలో తూగే ఉద్యోగి నుంచి పని రాబట్టలేమన్న లెక్క కూడా వేసుకోవాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆ కోడ్ కింద తమ నిబంధనల్లో మూడు అంశాలు చేర్చాలి. పెద్ద కార్యాలయాల్లో ఏటా గాలి తనిఖీ జరగాలి. ఫిర్యాదు అందితే గడువులోగా స్వతంత్ర దర్యాప్తు జరగాలి. నివేదికను అందరికీ కనిపించేలా నోటీసు బోర్డులో పెట్టాలి. సచివాలయాలు, కలెక్టరేట్లతోనే మొదలుపెడితే ప్రైవేటు సంస్థలను అడిగే నైతిక హక్కు ప్రభుత్వాలకు దక్కుతుంది.