బలం మాత్రలతో తీరే నీరసం కాదిది

మా ఫ్రిజ్ మీద ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అందులో సూదులు, దారపుండలు, ఊడిన బొత్తాలు దాచుకునేదాన్ని. తరవాత్తరవాత అది మాత్రల డబ్బా అయింది. రెండేళ్ళ క్రితం దాన్ని సంచిలో పెట్టుకెళ్ళి మా డాక్టరుగారి బల్ల మీద బోర్లించాను. "మీరు మింగేవన్నీ పట్టుకురండి, ఒక్కటీ వదలొద్దు" అన్నారాయన. లెక్కపెడితే పదకొండు రకాలు తేలాయి. అందులో ఆయన రాసినవి రెండే. మిగతా తొమ్మిదీ ప్రేమకొద్దీ వచ్చినవి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పంపిన డి విటమిన్ సీసా ఒకటి. తోడికోడలు తెచ్చిన బి కాంప్లెక్సు ఒకటి. మందుల షాపు కుర్రాడు "నరాలకి మంచిదండీ" అంటూ ఇచ్చిన గొట్టాలు రెండు రకాలు. మా పిన్ని పక్కింటావిడ వాడి బాగుపడిందన్న మరొకటి. కరోనా రోజుల్నుంచీ ఇంట్లో తిష్ఠ వేసిన 'ఇమ్యూనిటీ' పొడి. అన్నీ నాకోసమే. అన్నీ నా మంచికోసమే. వాటి మూలంగానే నేనారోజు డాక్టరు ముందు కూర్చోవలసి వచ్చింది.

అసలు సంగతి మొదట్నుంచీ చెప్తాను. నాకు ముప్ఫై మూడో ఏట కాళ్ళు మొద్దుబారడం మొదలైంది. మేజోళ్ళు వేసుకుని నడుస్తున్నట్టుండేది. ఒకరోజు కూరల మార్కెట్లో ఎడమకాలి చెప్పు జారిపోతే నాకు తెలియనే లేదు, వెనక వచ్చే ఆవిడ పిలిచి చెప్పింది. ఇంట్లో చెబితే "నీరసం" అన్నారు. "వేళకి తినవు, రక్తం లేదు" అన్నారు మా అత్తయ్యగారు. వీధి చివరి డాక్టరు పది బి12 సూదులు పొడిచారు. నెల తిరిగేసరికి మొద్దు తగ్గింది. సూదులు భలే పనిచేశాయనుకున్నాం అందరం.

ఏడాది గడిచాక ఒక కంటికి మసక కమ్మింది. కనుగుడ్డు తిప్పితే నొప్పి. కళ్ళజోడుకని వెళితే అక్కడి డాక్టరమ్మ, ఇది కళ్ళజోడు సంగతి కాదు, నరాల డాక్టరు దగ్గరకి వెళ్ళమంది. స్కానింగులు తీశారు. అప్పుడు బయటపడింది పేరు: మల్టిపుల్ స్క్లీరోసిస్. పొట్టిగా ఎమ్మెస్ అంటారు.

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, మన మెదడులో, వెన్నుపాములో ఉన్న నరాలకీ అలాంటి తొడుగు ఉంటుంది. దాన్ని మైలిన్ అంటారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటుపడి ఆ తొడుగుని కొరికేయడమే ఈ జబ్బు. ఎక్కడ తొడుగు పోతే అక్కడి కబురు ఆగిపోతుంది. ఒకరికి కన్ను, ఒకరికి కాలు, ఒకరికి మూత్రం మీద అదుపు. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. చంకలో పిల్ల, పొయ్యి మీద కూర ఉండే వయసులోనే వస్తుందన్నమాట.

అంటువ్యాధి కాదు, పాపఫలమూ కాదు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. కానీ జబ్బు జోరు తగ్గించే మందులు 1993 నుంచీ ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. నాకు ఏడాది ఎక్కడ పోయిందంటారా? బలం సూదుల్లో పోయింది.

ఈ జబ్బులో ఒక మాయ ఉంది. చాలామందికి ఇది వచ్చి పోతూంటుంది. ఓ నెల విరుచుకుపడుతుంది, తరవాత దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకునే వేళకి మన చేతిలో ఏ మాత్ర ఉంటే దానికి పేరొస్తుంది. సూదులకి అలాగే పేరొచ్చింది. పిన్ని పక్కింటావిడ మాత్రకీ అలాగే వచ్చి ఉంటుంది. ఆవిడ అబద్ధమాడలేదు, ఆవిడకి తగ్గిన మాట నిజమే. ఎందుకు తగ్గిందో ఆవిడకీ తెలీదు, మనకీ తెలీదు, అంతే!

అందుకే శాస్త్రజ్ఞులు కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూస్తారు. బయోటిన్ అని ఒక బి విటమిన్ ఉంది. జుట్టు ఒత్తుగా పెరుగుతుందని మన ఆడపిల్లలు కొనుక్కునేదే. మనిషికి రోజుకి కావలసిన దానికి పదివేల రెట్లు ఇచ్చి, ఫ్రాన్స్‌లో 154 మంది ఎమ్మెస్ రోగుల మీద పరీక్షించారు. 2016లో వచ్చిన ఫలితాల్లో బయోటిన్ తీసుకున్నవాళ్ళలో నూటికి పన్నెండు మందికి పైగా మెరుగయ్యారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో ఒక్కరూ లేరు. ప్రపంచమంతా ఆశపడింది. మళ్ళీ 642 మంది మీద పరీక్షిస్తే, 2020లో వచ్చిన ఫలితం వేరు. అసలు మాత్రకి నూటికి 12 మంది మెరుగైతే ఉత్తుత్తి మాత్రకీ 9 మంది మెరుగయ్యారు! అంత తేడాని లెక్కలోకి తీసుకోరు. పైగా ఈ బయోటిన్ ఎక్కువగా తింటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షలు తప్పుడు అంకెలు చూపిస్తాయి. రక్తం ఇచ్చేముందు బయోటిన్ వాడుతున్నామని చెప్పే ఆడవాళ్ళు మనలో ఎందరు?

ఇక డి విటమిన్. దీని కథ కొట్టిపారేసేది కాదు. భూమధ్యరేఖకి దూరంగా, ఎండ తక్కువగా ఉండే దేశాల్లో ఎమ్మెస్ ఎక్కువ. ఒంట్లో డి విటమిన్ బాగా ఉన్నవాళ్ళలో ఈ జబ్బు వచ్చే అవకాశం తక్కువని అమెరికా సైనికుల రక్త నమూనాలు పరిశీలించి 2006లో చెప్పారు. కానీ రాకుండా ఉండటం వేరు, వచ్చినదాన్ని తగ్గించడం వేరు. జబ్బు మందుతోపాటు కొందరికి రోజుకి 600 యూనిట్లు, కొందరికి 5,000 యూనిట్లు ఇచ్చి చూస్తే జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదని 2023లో తేలింది. జబ్బు తొలి మెట్టు మీద ఉండి, ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్ళకి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చిన ఫ్రాన్స్ పరీక్షలో మాత్రం కాస్త మేలు కనిపించిందని 2025లో ప్రకటించారు. జబ్బు కదలిక కనిపించినవాళ్ళు ఉత్తుత్తి మాత్ర వైపు నూటికి 74 మంది ఉంటే, డి విటమిన్ వైపు 60 మంది. ఆ తేడా కూడా ముఖ్యంగా స్కానింగులో తెలిసిందే. మనిషి పడే బాధల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదీ డాక్టర్లు దగ్గరుండి చూసుకుంటూ ఇచ్చిన మోతాదు.

నేను చేసినదేమిటి? నా రక్తంలో డి విటమిన్ తక్కువుందని డాక్టరు 60,000 యూనిట్లది వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. కోర్సు అయ్యేసరికి ఒళ్ళు తేలికగా ఉన్నట్టనిపించింది. పెద్ద జబ్బుకి పెద్ద మోతాదు కావాలి కదా అని నాకు నేనే పెద్ద డాక్టర్నయిపోయాను. రోజు విడిచి రోజు మింగాను. అది చాలనట్టు ఆడపడుచు పంపిన సీసాలోంచి రోజుకొకటి. నాలుగు నెలలు ఇలా సాగింది. చీటీ అడిగిన షాపువాడు లేడు, చెప్పాలనుకున్న నేనూ లేను. అన్నం సయించడం మానేసింది. వాంతులు, మలబద్ధకం, ఎన్ని నీళ్ళు తాగినా దాహం. జబ్బు ముదిరిందనుకుని దేవుడి గదిలో కూర్చుని ఏడ్చాను. రక్తపరీక్ష చేస్తే కాల్షియం హద్దు దాటిపోయింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే మూత్రపిండాలు దెబ్బతినేవన్నారు. డబ్బా బోర్లించింది ఆరోజే.

బి, సి విటమిన్లు నీళ్ళలో కరుగుతాయి, ఎక్కువైనవి చాలావరకు బయటికి పోతాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగి ఒంట్లోనే పేరుకుంటాయి. అలాగని బి విటమిన్లన్నీ సాధువులూ కావు. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం తింటే కాళ్ళూ చేతులూ మొద్దుబారతాయి. నా డబ్బాలో మూడు రకాల మాత్రల్లో బి6 ఉంది! మొద్దు పోవడానికని మింగినవే మొద్దు తెచ్చిపెట్టగలవన్నమాట.

బి12 తక్కువైనా తిమ్మిర్లు, తూలుడు వస్తాయి. అచ్చం ఎమ్మెస్‌లాగే కనిపించవచ్చు. శాకాహారుల ఇళ్ళలో ఈ లోటు మామూలే. అందుకే డాక్టర్లు ముందు అది పరీక్షిస్తారు. నిజంగా లోటుంటే ఆ సూదులు ప్రాణమిస్తాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ కూడా అలాంటి మహా మేలు చేసిన విటమినే. అయితే బి12 లోటున్న మనిషికి ఉత్త ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది గానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఎంత మంచి విటమినైనా దాని లోటునే పూడుస్తుంది. లేని లోటుని ఏం పెట్టి పూడుస్తాం?

ఇంకో మాట. "ఎండలో కూర్చో, డి విటమిన్ వస్తుంది" అంటారు. పొద్దున్న కాసేపు ఫర్వాలేదు. కానీ ఒళ్ళు వేడెక్కితే ఎమ్మెస్ లక్షణాలు ఎక్కువవుతాయి. వేడినీళ్ళతో తలంటు పోసుకుంటే నాకు చూపు మసకేస్తుంది. రోహిణి కార్తెలో మా వంటింట్లో అరగంట నిలబడితే కాళ్ళు వణుకుతాయి. 'ఇమ్యూనిటీ' పొడి సంగతి సరేసరి. నా రోగనిరోధక శక్తే నామీద కత్తి కట్టిందని తెలిశాక, దానికి ఇంకా బలం పోస్తామనే పొడి నాకెందుకు?

అసలు నన్ను బాధపెట్టేది మాత్రలు కాదు. ఈ జబ్బులో వచ్చే అలసట మామూలు అలసట కాదు. నిద్రపోయి లేచినా తీరదు. పైకి కనబడదు గనక ఎవరూ నమ్మరు. "అన్ని మాత్రలు మింగుతున్నావు కదా, ఇంకా లేవవేం?" అంటారు. అంటే ఆ మాత్ర ఇచ్చినవాళ్ళ బాధ్యత అక్కడితో తీరిపోయింది, మిగిలింది నా బద్ధకమేనన్నమాట! ఆడదానికి ఒక సీసా కొనిపెట్టడం తేలిక. ఒక పూట వంట చేసిపెట్టడమే కష్టం. మా వారు మంచివారే. మాత్రలకి నెలకి ఎంతయినా లెక్క చూడలేదు. కానీ బియ్యం కడిగి కుక్కర్ పెట్టడానికి ఆయనకి మూడేళ్ళు పట్టింది. చెప్పొద్దూ, ఆ కుక్కర్ చేసినంత మేలు నాకు ఏ విటమినూ చెయ్యలేదు.

విటమిన్లు వాడొద్దని నేననను. జబ్బు మనిషికి ఆశ ఉంటుంది, ఉండాలి కూడా. కాకపోతే ఆ ఆశకి ఒక లెక్క ఉండాలి. ముందు రక్తపరీక్షలో లోటు తేలాలి. ఒకసారికి ఒకటే మొదలుపెట్టాలి. ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది పాలలెక్క రాసుకున్నట్టు పుస్తకంలో రాసుకోవాలి. గుడి ప్రసాదంలాంటి పొడితో సహా అన్నీ డాక్టరుకి చెప్పాలి. విటమిన్ దొరికింది కదా అని అసలు మందు మానకూడదు. అన్నిటికంటే ముందు, ఒక కాలో కన్నో మొరాయిస్తే "నీరసం" అనే మాటతో సరిపెట్టుకోకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఎమ్మెస్ పేరు కూడా చేర్చారు. చట్టం జబ్బని ఒప్పుకున్నదాన్ని మన ఇల్లు ఇంకా నీరసమనే అంటే ఎలా?

ఇప్పుడు నా డబ్బాలో మూడే ఉన్నాయి, మూడూ రాసిచ్చినవే. మొన్న ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, ఈసారి ఏం పంపమంటావు?" అంది. "ఏమీ వద్దమ్మా, వేసవిలో నువ్వొచ్చి ఓ పదిరోజులుండి, పొద్దున్నే కాఫీ కలిపి ఇవ్వు చాలు" అన్నాను. నవ్వింది. టిక్కెట్టు కొన్నానని నిన్ననే చెప్పింది.