నరం పట్టేసిందా? ముందు షుగరు చూపించుకోండి

మా పల్నాడులో ఒంట్లో ఎక్కడ పట్టేసినా పేరు ఒకటే: నరం. జబ్బ పైకి లేవకపోతే నరం పట్టేసింది. పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెట్టగానే మడమలో పోటు వస్తే నరం లాగింది. వేలు ముడుచుకుని తెరుచుకోకపోతే నరం బిగుసుకుంది. పేరు నరం కాబట్టి వైద్యం కూడా నరానికే. ఆరెంపీ గారి దగ్గర ఒక ఇంజెక్షను, నాలుగు బలం బిళ్ళలు. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊరెళ్ళినా ఇదే వరస. హైదరాబాదులో ఏసీ ఆఫీసుల్లో కూర్చున్న మనమేమైనా తక్కువ తిన్నామా? మనం మౌసుని తిడతాం, కుర్చీని తిడతాం, ఇంకో కుర్చీ కొంటాం.

ఎర్రర్ చూపించిన లైన్లోనే బగ్ ఉంటుందని మనలో ఎవరూ నమ్మం. ఒంటి విషయానికొచ్చేసరికి మాత్రం అదే నమ్ముతాం. నొప్పి భుజంలో ఉంటే తప్పు భుజానిదే అనుకుంటాం. చాలాసార్లు బగ్ రక్తంలో ఉంటుందని నా వాదన.

అసలు మనం నరం అనేది చాలావరకు నరం కాదు, తాడు. కండరాన్ని ఎముకకి కట్టే తాడు. డాక్టర్లు టెండన్ అంటారు. కొలాజెన్ అనే ప్రొటీను పోగులు పేనిన మోకు లాంటిది. దీనికి రక్తప్రసారం తక్కువ, మరమ్మతు చాలా నిదానం. ఎంత నిదానమో 2013లో డెన్మార్క్ పరిశోధకులు తేల్చారు. 1950లు, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది. దాని ఆనవాళ్ళు మడమ వెనక తాడులో ఎంతున్నాయో కొలిస్తే, ఆ తాడు మధ్యభాగం దాదాపు 17 ఏళ్ళ వయసుకి తయారైపోయి, ఆ తర్వాత పెద్దగా మారదని తేలింది.

ఇక్కడే షుగరు సంగతి వస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర కొలాజెన్ పోగులకి అతుక్కుని వాటి మధ్య అడ్డబంధాలు వేస్తుంది. తాడు బిరుసెక్కుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలల కథే చెబుతుంది, ఎర్రకణాల ఆయుష్షు 120 రోజులే కాబట్టి. అది నెలలకోసారి చెరిగిపోయే లాగ్ ఫైలు. తాడులో రాసింది మాత్రం అంత తేలిగ్గా చెరగదు.

భుజం గట్టిపడిపోయే ఫ్రోజెన్ షోల్డర్ చూడండి. అది తాడు కాదు, కీలు చుట్టూ ఉండే సంచి. కానీ అదీ కొలాజెన్ సరుకే. మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తే, షుగరు ఉన్నవాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుందని లెక్క. వేలు ముడుచుకుపోయే ట్రిగ్గర్ ఫింగర్ కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది గట్టు మీదున్నారు. చాలామందికి ఆ సంగతి తెలియదు. అలాంటివాళ్ళలో కొందరికి పట్టేసిన జబ్బే మొదటి కబురు కావచ్చు.

ఇన్సులిను ఒక్కటే కాదు, మిగతా హార్మోన్లదీ ఇదే కథ. థైరాయిడ్ తగ్గినవాళ్ళకి భుజం పట్టేసే అవకాశం ఎక్కువ. టెండన్ కణాలు ఈస్ట్రోజెన్ మాట కూడా వింటాయి. ముట్లు ఆగే వయసులో ఆడవాళ్ళకి భుజాలు, తుంటి పక్కలు నొప్పులు పెట్టడం "వయసైపోయింది" అని కొట్టిపారేసే విషయం కాదు. ఇంకొకటి, మడమ వెనక తాడు లావుగా గడ్డలుగా ఉండి, ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్లు ఉంటే వెంటనే కొలెస్టరాల్ చూపించుకోండి. వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్టరాల్ అక్కడే పేరుకుంటుంది.

శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద విసుగు కనిపిస్తుంది. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళొదిలాక మా వైపు కంచాల్లోకి వరన్నం వచ్చింది. జొన్న తింటే షుగరు రాదని నేననను. అన్నం వచ్చినప్పుడు దాన్ని కరిగించే కష్టం కూడా ఉండేది. ఇప్పుడు ట్రాక్టరొచ్చింది, బండొచ్చింది, అన్నం ముద్ద మాత్రం అదే సైజులో ఉంది. మనకైతే ఆ కష్టం ఎప్పుడూ లేదు, ముద్దకి తోడు సాయంత్రం సమోసాలు :)

"మరి మిరపకోతలకెళ్ళే ఆడవాళ్ళ సంగతేంటి? వాళ్ళకి నొప్పి పనివల్ల కాదా?" అంటారు. పనివల్లే, కాదనను. రోజంతా వంగి అదే వేళ్ళతో కాయ తెంపితే ఏ తాడైనా అరుగుతుంది. కానీ ఒకే చేలో ఒకే కూలికి పోయిన ఇద్దరిలో ఒకరికి వారంలో తగ్గి, ఇంకొకరికి ఏడాదైనా తగ్గకపోతే, రెండో ఆవిడ రక్తం చూడాలా వద్దా? భారం విత్తనమైతే, ఒళ్ళు నేల.

చూడకపోతే నష్టం నొప్పితో ఆగదు. కీలులోకిచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షను భుజానికి మొదట్లో మంచి ఉపశమనమే, నిపుణులిస్తే. కానీ షుగరున్నవాళ్ళకి కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. షుగరుందనే తెలియని మనిషికి, లెక్కలేకుండా నెలకోసారి పొడుస్తుంటే? విరేచనాలకని చీటీ లేకుండా కొనేసే సిప్రోఫ్లాక్ససిన్ లాంటి మందులు టెండన్ తెగడానికి కారణం కావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే నల్లగళ్ళ హెచ్చరిక పెట్టించింది. స్టిరాయిడ్లు వాడేవాళ్ళకీ, అరవై దాటినవాళ్ళకీ ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మన అమ్మానాన్నలు ఆ లెక్కలోకే వస్తారు.

నివారణ ఉందా? ఉంది, నిదానంగా. తాడుకి మందు బరువే. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం మడమ తాడు నొప్పి ఉన్నవాళ్ళ చేత 12 వారాలు బరువుతో మడమ దించే వ్యాయామం చేయించి నయం చేసింది. బండలాగుడు పందెం ఎడ్లకి మొదటిరోజే పెద్ద బండ కట్టరు కదా, ఇదీ అంతే. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచాలి. దానితోపాటు షుగరు, థైరాయిడ్ అదుపులో ఉండాలి.

కాబట్టి కంపెనీ ఏటేటా చేయించే హెల్త్ చెకప్ పీడీఎఫ్ తెరవకుండా మెయిల్లో పడేసి ఉంటే, ఇవాళ తెరవండి. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "నరం పట్టేసిందిరా" అంటే, "ఇంజెక్షను చేయించుకో" అనకండి. "పరగడుపున రక్తం ఇచ్చి రామ్మా" అనండి. ఆ పరీక్షకయ్యే ఖర్చు, మనం శనివారం తినే పిజ్జా కన్నా తక్కువే.