రోడ్డు బాగుపడితే తగ్గే మైలేజీ

హైదరాబాద్ నుంచి కరీంనగర్ చేరిన హైబ్రిడ్ కారు యజమాని మీటరు చూసి మురిసిపోతాడు. తిరుగు ప్రయాణంలో అదే మీటరు లీటరుకు ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు తక్కువ చూపిస్తే షోరూముకు ఫోన్ కొడతాడు. కారుకు ఏ రోగమూ లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ 265 మీటర్ల దరిదాపుల్లో ఉన్నాయి. ఉత్తరానికి బయల్దేరితే కంటికి ఆనకుండానే 275 మీటర్లు దిగుతాం. మనుషులూ సామానూ కలిపి టన్నున్నర దాటే బండిని మళ్లీ ఆ ఎత్తుకు చేర్చాలంటే సుమారు మూడో వంతు లీటరు పెట్రోలు అదనంగా కాలాలి. 160 కిలోమీటర్లకు ఎనిమిది లీటర్లు తాగే కారుకు అది తక్కువేమీ కాదు.

అసలు అపోహ ఇంతకంటే పెద్దది. ఊళ్లోనే ఇంత ఇస్తుంటే హైవే ఎక్కాక ఇంకెంత ఇవ్వాలి అని అడుగుతుంటారు. మామూలు పెట్రోలు కారు విషయంలో ఆ ఆశ న్యాయమే. హైబ్రిడ్ లాభం మాత్రం బ్రేకు దగ్గర పుడుతుంది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని అది మోటారుతో వెనక్కి పట్టి బ్యాటరీలో దాస్తుంది. సిగ్నల్ దగ్గర, నెమ్మది కదలికలో ఇంజన్‌ను ఆపేసి ఆ దాచిందే ఖర్చు పెడుతుంది. కామారెడ్డి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద వంద వేగంతో పోతున్నవాడు బ్రేకు తొక్కేది ఎక్కడ? తొక్కనప్పుడు దాచుకునేదేముంది? ఇంజనే నిరంతరం లాగాలి. ఆ ఇంజన్ పొదుపైనదే కాబట్టి మైలేజీ మరీ పడిపోదు, అంతే. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో 2010 ప్రియస్ హైబ్రిడ్ కారుకు గ్యాలనుకు నగరంలో 51 మైళ్లు వస్తే హైవే మీద 48 వచ్చాయి.

మన బ్రోషర్లలో గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు కనిపించే లీటరుకు 27.97 కిలోమీటర్ల అంకె అబద్ధం కాదు. అది రోలర్ల మీద నిలబెట్టి, దాదాపు ఇరవై నిమిషాలు నిర్ణీత వేగాలతో నడిపి తేల్చిన అంకె. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90, అదీ కొద్ది సెకన్లే. సగటు వేగం 32 దగ్గర. అంటే అది కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ తిరిగే బండి అంకె, నిర్మల్ బైపాస్ మీద దూసుకెళ్లే బండిది కాదు. గాలి ఎదురొత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే 56 శాతం ఎక్కువ, 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. పైన లగేజీ క్యారియర్ బిగిస్తే ఇంకా ఎక్కువ. హైవే మైలేజీలో సగం తగువు డ్రైవరు కుడికాలితోనే తేలుతుంది.

అందుకే హైదరాబాద్–కరీంనగర్ మధ్య రాజీవ్ రహదారి ఈ కార్లకు కలిసొస్తుంది. శామీర్‌పేట నుంచి ఊళ్లు, యూటర్నులు, అడ్డొచ్చే ట్రాక్టర్లు, దుద్దెడ, రేణికుంట టోల్‌గేట్లు. విసుగెత్తించే ప్రతి మందగింపూ బ్యాటరీకి మేతే. నిర్మల్ ఘాట్ కథ వేరు. హైరైడర్ బ్యాటరీ 0.76 యూనిట్ల చిన్నది. నిండుగా ఎక్కిన కారు వంద మీటర్లు దిగితే దాదాపు 0.44 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. నష్టాలు పోగా చేతికొచ్చేది అంతకంటే తక్కువే అయినా, దిగుడు సాగే కొద్దీ బ్యాటరీ నిండిపోతుంది. ఆపైన వచ్చేదాన్ని ఇంజన్ బ్రేకింగుతో వదిలేయడమే. ఎక్కేటప్పుడు ఖర్చయినదంతా దిగేటప్పుడు తిరిగొస్తుందనుకోవద్దు.

మే నెల సంగతి చెప్పాలా? రామగుండంలో పాదరసం 45 దాటే రోజుల్లో ఏసీ కంప్రెసర్ తిరిగేది ఈ బ్యాటరీ కరెంటుతోనే. ఆ కరెంటు చివరికి పెట్రోలు నుంచి రావాల్సిందే. బ్యాటరీ బాగా వేడెక్కితే కంప్యూటర్ దాని పనిని కుదిస్తుంది. బ్యాటరీకి గాలి పోయే సందును పెళ్లి సామానుతో మూసేసే అలవాటు మనకు ఉండనే ఉంది.

బంకులో పోసేదీ మారింది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి 20 శాతం కలిపిన ఇంధనంలో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. అందుకు తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజన్లు కొంత పూడ్చుకుంటాయి, హైబ్రిడ్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఆ ఇథనాల్ మన జిల్లాలకు తెలిసింది బంకు ద్వారా మాత్రమే కాదు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కితే ప్రభుత్వం పనులు ఆపించింది. మైలేజీ లెక్కలో పొలం, నీరు కూడా ఉన్నాయని వాళ్లు గుర్తుచేశారు.

ఇక డబ్బులు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకుందాం. ఊళ్లో మామూలు కారు 12, హైబ్రిడ్ 23 ఇస్తే ఆదా దాదాపు 64 వేలు. అంతా హైవే మీదే తిరిగి 16, 20 ఇస్తే ఆదా ఇరవై వేలే. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు పైన కట్టే లక్షలు ఈ రెండో లెక్కలో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. జగిత్యాల, కోరుట్ల పల్లెదారుల్లో తిరిగే డాక్టరుకు హైబ్రిడ్ కిట్టుబాటు. వారం వారం ఆదిలాబాద్ నుంచి నాగపూర్ పోయే పత్తి వ్యాపారికి అంతగా కాదు.

హైబ్రిడ్ ఎవరికి లాభం, ఎవరికి కాదు అనే ఈ హద్దు కూడా కదులుతోంది. కరీంనగర్–వరంగల్ మధ్య 68 కిలోమీటర్ల 563వ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే పనికి 2023 జూలై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. మంచిర్యాల–వరంగల్ కొత్త రహదారికీ ఆ రోజే పునాది పడింది. రెండు వరుసల రోడ్డు మీద లారీ వెనక నలభైలో నడిచినప్పుడు హైబ్రిడ్ ఇస్తున్న అంకెను, ఆ దారి తెరుచుకుని వందలో పోయే రోజున అదే కారు ఇవ్వదు.